మన ఊరి నీళ్లతో మన బొమ్మ

(వ్యాసకర్త ఈ వసతి గృహం పూర్వ విద్యార్థి, చిత్రలేఖనం ఉపాధ్యాయుడు)



నదిని గీయమంటే ఏ తరగతిలోనైనా వచ్చే బొమ్మ ఒకటే. రెండు త్రికోణాల కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, ఆ సందులోంచి వంకరలు తిరుగుతూ దిగివచ్చే నీలిరంగు ఏరు, ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు, దాని పక్కన పెంకుటిల్లు. కోనసీమ పిల్లలూ ఇదే గీస్తారు, కరువుసీమ పిల్లలూ ఇదే గీస్తారు. పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకే చూపిస్తుంది. అయినా పెన్న ఒడ్డు పిల్లవాడు కూడా నీలం పెన్సిలే తీస్తాడు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. నదిని చూసి గీయమని మేమెప్పుడూ చెప్పలేదు, బోర్డు మీద బొమ్మను చూసి గీయమన్నాం.

ఈ సంచికలో నాకు ఇచ్చిన పేజీల్లో దీనికి వేరే దారి ఉందని చెప్పాలనుకుంటున్నాను. అది కొత్త దారి కాదు. మన తెలుగునేల మీదే కొన్ని వందల ఏళ్లుగా నది ఒడ్డున కూర్చుని, నదినీళ్లతో, ఆ నీళ్ల గుణాన్ని బట్టి బొమ్మలు వేసినవాళ్లున్నారు. వాళ్ల పని ముందు తెలుసుకుందాం. తర్వాత మన హాస్టల్ ఆవరణలో చేయగల పని చెబుతాను. పరీక్షకు వచ్చే పాఠం కాదు కాబట్టి భయపడకుండా చదవండి.

వ్రాతపని అంటే ఏటి పని

శ్రీకాళహస్తి కలంకారీ పేరు మీరు వినే ఉంటారు. ఈ ఊరు ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. కలంతో చేసే పని కాబట్టి కలంకారీ అన్నారు. ఆ మాట పారసీ నుంచి వచ్చింది. ఆ ఊళ్లో పాతకాలం వాళ్లు దీన్ని ‘వ్రాతపని’ అనేవాళ్లు. మచిలీపట్నం, పెడన వైపు ఇదే రంగులను చెక్క అచ్చులతో గుడ్డ మీద వేస్తారు, దాన్ని ‘అద్దకం’ అంటారు. రామాయణ భారత కథలను పెద్ద పెద్ద తెరల మీద రాసి గుళ్లలో వేలాడదీయడం శ్రీకాళహస్తి వాళ్ల ప్రత్యేకత. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు ఈ పని దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి పూనికతో 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఈ కళలో పేరు పొందిన జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి పనికీ, మచిలీపట్నం పనికీ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఫలానా చోట ఫలానా పద్ధతిలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుందని చట్టం ఒప్పుకుంది.

ఇదంతా జనరల్ నాలెడ్జి. మనకు కావలసింది ఆ పని ఎలా సాగుతుందన్నది. నెమ్మదిగా చదవండి, ఎక్కడెక్కడ నీళ్లు వస్తాయో లెక్క పెట్టుకోండి.

ముందు కోరా నూలు గుడ్డ తీసుకుని, గంజి పోయేలా ఉతికి ఆరబెడతారు. కరక్కాయ పొడిని పాలలో కలిపి, ఆ గుడ్డను అందులో తడిపి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయలో వగరు ఉంటుంది, రసాయన శాస్త్రంలో దాన్నే టానిన్ అంటారు. పాలలోని వెన్న గుడ్డకు పట్టి, కలంలోని సిరా పక్కలకు పాకకుండా ఆపుతుంది. తర్వాత చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో బొమ్మ రూపు గీస్తారు. ఇక కలం. వెదురుపుల్ల కొసను చెక్కి, దానికి కొంచెం పైన ఉన్నిగుడ్డ చుట్టి, నూలుదారంతో బిగిస్తారు. ఆ ఉన్నిని వేళ్లతో నొక్కితే సిరా మొనకు దిగుతుంది. ఫౌంటెన్ పెన్నుకు తాతలాంటిది అనుకోండి.

ఆ కలంలో పోసే నల్ల సిరాను కసిం అంటారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి కొన్ని వారాలు పులియబెడితే తయారవుతుంది. రాసేటప్పుడు అది అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిన తర్వాతే నల్లబడుతుంది. కసింలోని ఇనుమూ, గుడ్డలోని టానినూ కలిసి అక్కడికక్కడే నల్లరంగు పుడుతుంది. ఆ నలుపు గుడ్డ నూలులోపలే పుడుతుంది కాబట్టి ఉతికితే పోదు.

ఎరుపు మరీ విచిత్రం. ఎరుపు రావలసిన చోట వాళ్లు ఎర్రరంగు పూయరు, పటిక నీళ్లు పూస్తారు. పటికకు రంగే ఉండదు. గుడ్డను ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పారే ఏటినీళ్లలో జాడించి, ఆపైన ఎర్రరంగునిచ్చే వేళ్లూ చెక్కలూ వేసిన కాగులో ఉడకబెడతారు. గుడ్డ మొత్తం అదే కాగులో మునిగినా, పటిక పడిన చోటే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. మిగతా చోట్ల అంటిన మరక లేతగా ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఏటి ఇసుక మీద పరిచి, ఎండిపోకుండా నీళ్లు చల్లుతూ ఉంటారు. ఎండా తడీ కలిసి గుడ్డను తెల్లబరుస్తాయి. ఆ తర్వాత మళ్లీ పాలు, మళ్లీ ఆరబెట్టడం, కరకపువ్వుతో పసుపు, మళ్లీ ఉతుకు, నీలిమందుతో నీలం, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ, చివరికి ఇంకో ఉతుకు.

లెక్క పెట్టారా? రంగు పూయడానికి పట్టే సమయం కంటే గుడ్డ నీళ్లలో, ఇసుక మీద ఉండే సమయం ఎక్కువ. అందుకే ఇది ఏటి పని అన్నాను. బొమ్మలో నది లేకపోవచ్చు, రాముడో ద్రౌపదో ఉండవచ్చు. కానీ ప్రతి గీతలోనూ నది పని చేసింది.

నిలవ నీళ్లు ఎందుకు పనికిరావు?

తొట్టిలో జాడిస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. పటిక పూసిన గుడ్డను తొట్టిలో ముంచామనుకోండి. గుడ్డకు పట్టని మిగులు పటిక నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు అక్కడే ఉంటాయి కాబట్టి తెల్లగా ఉండాల్సిన చోటికి వెళ్లి అంటుకుంటుంది. కంటికి ఏమీ కనిపించదు. రంగుకాగులో ఉడికిన తర్వాత సీతమ్మ చెంప మీద ఎర్రమచ్చ బయటపడుతుంది! అప్పుడు చేసేదేమీ ఉండదు. పారే నీళ్లలో పరిస్తే మిగులు పటిక గుడ్డను వదిలిన మరుక్షణం కిందికి కొట్టుకుపోతుంది. ఈ చిన్న రసాయన సూత్రం వల్లే ఈ పని నదుల పక్కన, కాలవల పక్కన స్థిరపడింది. శ్రీకాళహస్తికి స్వర్ణముఖి, పెడన వైపు కృష్ణా డెల్టా కాలవలు.

నీళ్లలో ఏముందన్నది కూడా ముఖ్యమే. నీళ్లలో ఇనుము ఉంటే ఎరుపు చచ్చిపోయి గోధుమ, ఊదా ఛాయల్లోకి తిరుగుతుంది. నేల గుణం కూడా ఇలాగే పట్టి చూపుతుంది. చిరివేరు అనే చిన్న మొక్క వేళ్లనుంచి ఒకప్పుడు ఎర్రరంగు తీసేవాళ్లు. నిజాంపట్నం వైపు సముద్రతీరంలో దొరికే చిరివేరు మేలైనదని పదిహేడో శతాబ్దంలో వచ్చిన యూరప్ వర్తకులు రాసుకున్నారు. మరొక ఊరి వేరు, మరొక ఊరి నీళ్లు అయితే అదే చేయి, అదే కలం, కానీ వేరే ఎరుపు. అందుకే మంచి పనివాడు నీళ్లను నోట్లో పోసుకుని రుచి చూసేవాడంటే ఆశ్చర్యపడనక్కరలేదు. ఆయనకు అది రంగుపెట్టెలో మొదటి రంగు.

ఏరు ఎండితే

స్వర్ణముఖి జీవనది కాదు. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి గుడి పక్కగా పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 130 కిలోమీటర్లు. వానలు పడితేనే పారుతుంది. పూర్వం కూడా ఏడాది పొడవునా నిండుగా పారిందని చెప్పుకోవడం గొప్పలు పోవడమే. అయితే పైన నీరు కనిపించకపోయినా ఇసుకలో చెలమ తవ్వితే నీళ్లు ఊరేవి. ఎండాకాలంలో పని గడిచింది ఆ చెలమల మీదే.

చెలమ ఊరాలంటే ఇసుక ఉండాలి. ఇసుక అంటే లారీకి ఎత్తే సరుకు అనుకుంటాం కానీ, నదికి అది నీళ్ల కుండ. వాననీటిని ఇసుక రేణువుల సందుల్లో దాచుకుని నెలల తరబడి నెమ్మదిగా వదులుతుంది. ఇసుకను అడుగు బండ కనబడేదాకా తోడేస్తే వాన వచ్చిన నాలుగు రోజులు నది పరుగెత్తి సముద్రంలో పడుతుంది, ఐదో రోజుకు ఏమీ ఉండదు. 2021 నవంబరులో తిరుపతి ప్రాంతంలో కురిసిన వానలకు ఇదే స్వర్ణముఖి పొంగి వంతెనలు దెబ్బతిన్నాయి. వరదా కరువూ ఒకే ఏటికి వచ్చే జబ్బులని దీన్నిబట్టి తెలుస్తోంది. ఇసుక తవ్వకాన్నీ, బోర్లనూ అదుపు చేయడానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం అన్నమాట. చట్టం ఉంది. లారీలు కూడా ఉన్నాయి.

ఏట్లో నీళ్లు లేనప్పుడు పనివాళ్లు బోరు నీళ్లతో తొట్లలో ఉతుకుతారు, పదే పదే నీళ్లు మారుస్తారు. ఖర్చు పెరుగుతుంది, ఎరుపు ఛాయ మారుతుంది. పెడన వైపు వేసవిలో డెల్టా కాలవలు కట్టేసినప్పుడు ఉతుకు పని ఇబ్బందిలో పడుతుంది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. సహజ రంగులు కాబట్టి ఈ పనివల్ల నీళ్లకు ఏ హానీ లేదని కొందరు రాస్తుంటారు. అది పూర్తి నిజం కాదు. పటిక, కరక్కాయ వగరు, ఉడికిన రంగునీళ్లు మొత్తం ఏట్లోకే పోతాయి. కాగు మండటానికి కట్టెలు కావాలి. నిండుగా పారే ఏరు దాన్ని కలుపుకుని పోతుంది, ఎండిన ఏట్లో అది మడుగై నిలుస్తుంది. చవక సరుకు కోసం కృత్రిమ రంగులు వాడినచోట సంగతి మరీ దారుణం. నీళ్లవల్ల బతికే పనివాడే నీళ్లకు మొదటి కాపలాదారు కావాలి, లేకపోతే మొదట నష్టపోయేదీ అతనే.

నీళ్లు శుభ్రపడటమే బొమ్మగా

కలంకారీలో నది బొమ్మకు పనిముట్టు. దీన్ని తిరగేసి, బొమ్మే నదికి పనిముట్టు అయ్యే వీలుందా? చైనాలోని చెంగ్డూ నగరంలో ఒక ప్రయత్నం జరిగింది. అక్కడి నది ఫ్యాక్టరీల మురికితో, ఊరి మురికితో పాడైపోయింది. అమెరికా చిత్రకారిణి బెట్సీ డేమన్ 1995లో అక్కడికి వెళ్లి స్థానిక కళాకారులతో కలిసి నది ఒడ్డున కళాప్రదర్శనలు చేసింది. తర్వాత స్థానిక ప్రభుత్వంతో, ఇంజనీర్లతో కలిసి ఒక తోటను రూపొందించింది. 1998లో పూర్తయిన ఆ తోట పేరు ‘సజీవ జల ఉద్యానం’.

పైనుంచి చూస్తే అది చేప ఆకారంలో ఉంటుంది. నది నీళ్లను పైకి తోడి ముందు ఒక కొలనులో తేరనిస్తారు. తర్వాత ఆ నీళ్లు చెక్కిన రాతి దొన్నెల వరుసలోంచి సుడులు తిరుగుతూ, గాలిని కలుపుకుంటూ దిగుతాయి. అక్కడినుంచి రెల్లు, తామర వంటి మొక్కలున్న మడుగుల గుండా వెళ్లి, చివరికి పిల్లలు ఆడుకునేంత తేటగా బయటికి వస్తాయి. ఆ నదిలో పారే నీళ్లతో పోలిస్తే ఈ తోట శుభ్రం చేసేది చాలా కొంచెం. అయినా జనం మురికి నీళ్లు ఒక చివర, తేట నీళ్లు మరో చివర తమ కళ్లతో చూశారు. పది ఉపన్యాసాలకు రాని తెలివి ఒక చూపుకు వచ్చింది. వాళ్ల దగ్గర ప్రభుత్వ నిధులున్నాయి, మనకు లేవు కదా అంటారేమో. నిజమే. మన పద్ధతికి నిధులు అక్కరలేదు, ఒక గజం గుడ్డ చాలు. దానికి ముందు ఇంకొక్క మాట.

నీళ్లకు కాపలా కాసిందెవరు?

నీటి సంరక్షణ అని ఇప్పుడు గోడల మీద రాస్తున్నారు. ఆ పనికి మన తాతలకు వేరే పేరు ఉండేది. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి. చెరువు తూము ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత, అలుగు పోసేటప్పుడు కట్ట ఎక్కడ చెమ్మబారుతోంది అని రాత్రీ పగలూ చూసేది ఆయనే. చాలా ఊళ్లలో ఈ పని చేసింది దళితులు. పంట చేతికి వచ్చినప్పుడు కళ్లం దగ్గర ఇంత గింజ కొలిచేవాళ్లు. ఊరి నీళ్లన్నీ ఆయన చేతిమీదుగా పారేవి. ఆయన ఇంటి ఆడవాళ్లు మాత్రం ఊరి మంచినీళ్ల బావి గట్టు ఎక్కడానికి వీల్లేదు.

1927 మార్చి 20న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ మహారాష్ట్రలోని మహద్ పట్టణంలో వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అందరిదీ అని అక్కడి మునిసిపాలిటీ అంతకు ముందే తీర్మానం చేసింది, అయినా అమలు కాలేదు. మన రాష్ట్రంలో 1985 జూలైలో కారంచేడులో మాదిగవాడ వాళ్లు తాగే చెరువు నీళ్లను మురికి చేయవద్దని అడిగిన దగ్గర గొడవ మొదలైంది. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త కొట్టబోయిన వాళ్లకు ఎదురుగా తన బిందె ఎత్తింది. మర్నాడు, 17వ తేదీ ఉదయం జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతమయ్యారు. తాగే నీళ్లు శుభ్రంగా ఉండాలని అడగడం నీటి సంరక్షణ కాకపోతే మరేమిటి?

హాస్టల్లో చదువుకునే మనం నది బొమ్మ గీస్తే అందులో ఈ మనుషులు ఉండాలి. నీరటి తాత, బిందెతో నిలబడిన అమ్మ, తెల్లవారుజామున నాలుగింటికి బోరు దగ్గర బకెట్ల వరుస. ఇవి లేని నీలిరంగు ఏరు మన ఏరు కాదు.

మనం చేయగల పని

సామాను చెబుతాను. ఒక గజం కోరా గుడ్డ, కిరాణా కొట్లో దొరికే కరక్కాయలు, చిన్న పటిక గడ్డ, బెల్లం, పిడికెడు తుప్పు మేకులు, చింతపుల్లలు, వెదురుపుల్ల, పాత స్వెట్టరు ముక్క. పాలు కూడా కావాలి. మన దగ్గర మజ్జిగలోకే పాలు చాలవు, గుడ్డకు పాలెక్కడివి అని నవ్వకండి! చేతిరుమాలంత ముక్కలుగా చేస్తే ఒక్కొక్క ముక్కకు అరగ్లాసు చాలు. గజం గుడ్డను అలాగే పన్నెండు ముక్కలు చేసుకుని, చివర్లో కలిపి కుట్టుకోవచ్చు.

కసింకు సమయం పడుతుంది కాబట్టి దాన్ని ముందు మొదలుపెట్టండి. మట్టికుండలో లీటరు నీళ్లు, నూరు గ్రాముల బెల్లం, తుప్పు మేకులు వేసి, పలచటి గుడ్డతో వాసెన కట్టి, నీడలో పెట్టండి. మూతి బిగించవద్దు, పులిసేటప్పుడు గాలి పుడుతుంది. రెండు మూడు వారాల్లో ముదురురంగు తిరుగుతుంది. అది నోట్లో పెట్టుకునేది కాదని చిన్న తరగతుల వాళ్లకు గట్టిగా చెప్పండి. కుండ మీద పేరు రాసి పెట్టండి, లేకపోతే ఎవరో ఒకరు పానకం అనుకుంటారు.

ఈ మూడు వారాలూ ఖాళీగా కూర్చోవద్దు. అసలు పని ఇప్పుడే. మీ హాస్టల్ కుళాయి దగ్గర మొదలుపెట్టి నీళ్లకు ఎదురు నడవండి. కుళాయి, దాని వెనక పైపు, ట్యాంకు, బోరు లేక కాలవ, చెరువు, ఆ చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు, ఆ వాగు పుట్టిన గుట్ట. సెలవు రోజున మాస్టారిని వెంట తీసుకుని నడవగలిగినంత దూరం నడవండి. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో, రోజుకు ఎన్నిసార్లు నిండుతుందో కనుక్కుని, దాన్ని పిల్లల సంఖ్యతో భాగించండి. బకెట్లలోకి మార్చి చూసుకోండి. తర్వాత నీళ్లు ఎటు పోతున్నాయో అటు కూడా నడవండి. స్నానాల గదుల నీళ్లు, వంటగది నీళ్లు ఎక్కడికి చేరుతున్నాయి, ఎవరి ఇంటి ముందు నిలుస్తున్నాయి? చాలా చోట్ల కాలువ మొదలు ఎవరికైనా తెలుసు, చివర ఎవరికీ తెలియదు.

దారిలో ముసలివాళ్లు కనిపిస్తే అడగండి. తాతా, ఈ తూము ఎవరు తీసేవాళ్లు? అవ్వా, నీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవాళ్లు? ఏ బావి దగ్గర ఆపేవాళ్లు? ఈ చివరి ప్రశ్న మెల్లగా అడగండి. చెప్పడం ఇష్టం లేకపోతే ఒత్తిడి చేయవద్దు. చెప్పిన మాటలు చెప్పినట్టే నోట్‌బుక్కులో రాసుకోండి, వాళ్ల యాసలోనే.

కసిం తయారయ్యాక, గుడ్డకు కరక్కాయా పాలూ పట్టించే ముందు ఒక పరీక్ష చేసి చూడండి. నాకు చాలా ఇష్టమైన పాఠం ఇది. కరక్కాయ పొడి నీళ్లలో మాత్రమే తడిపి ఆరబెట్టిన చిన్న ముక్కలు మూడు తీసుకోండి. ఒకటి బోరు నీళ్లలో, ఒకటి చెరువు నీళ్లలో, ఒకటి పట్టి పెట్టిన వాననీళ్లలో రాత్రంతా ఉంచండి. నీళ్లలో ఇనుము బాగా ఉంటే ఆ ముక్క బూడిదరంగులోకో నల్లగానో మారుతుంది. ఇనుము ఉన్న నీళ్లతో టీ కాస్తే నల్లబడటం మీరు చూసే ఉంటారు, అదే సంగతి ఇది. వాననీళ్ల ముక్క అలాగే లేత పసుపుగా ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూడండి. నీళ్లు తమ గురించి తామే గీసుకున్న బొమ్మలవి. అయితే ఇది ఇనుమును మాత్రమే చెబుతుంది. ఫ్లోరైడు ఉందో లేదో, రోగక్రిములు ఉన్నాయో లేవో చెప్పదు. ముక్క తెల్లగా ఉంది కాబట్టి తాగవచ్చు అనుకోకండి. దానికి ప్రయోగశాల పరీక్షే మార్గం. నీటి నమూనా పంపించమని వార్డెన్ గారికి అర్జీ రాయడం కూడా ఈ పాఠంలో భాగమే.

ఇక బొమ్మ. మీరు నడిచిన దారే బొమ్మ. పన్నెండు ముక్కలను ముందు పక్కపక్కన పరిచి, చింతబొగ్గుతో కుళాయి నుంచి గుట్టదాకా దారి గీయండి. ఇప్పుడు నీళ్లున్న చోట కసింతో గట్టిగా నల్లగీత. ఒకప్పుడు నీళ్లుండి ఇప్పుడు లేని చోట ఒడ్డులు మాత్రం గీసి మధ్యలో గుడ్డను ఖాళీగా వదిలేయండి. మనుషులను ఆపిన చోట, గొడవ జరిగిన చోట పటిక రాయండి. మంజిష్ట చెక్క మూలికల దుకాణంలో దొరుకుతుంది, దానితో ఉడికిస్తే ఆ చోట్లు ఎర్రగా తేలతాయి. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండాలి. ఉడికించే ముందు పటిక జాడించాలి కదా, పారే నీళ్లు మీకు దొరుకుతాయా? దొరక్కపోతే బకెట్లు మార్చి మార్చి జాడించండి, ఎన్ని బకెట్లు పట్టాయో రాసుకోండి. శ్రీకాళహస్తిలో ఏరు ఎండినప్పుడు పనివాళ్లు పడే అవస్థ అప్పుడు మీ భుజాలకు తెలుస్తుంది. ఆ నీళ్లను చెరువులో పోయకండి. చెట్లకు దూరంగా గుంట తీసి అందులో పోసి మట్టి కప్పండి.

నలుపు పాకిందనో, ఎరుపు మచ్చలు పడ్డాయనో ముక్కలు పారేయవద్దు. ఏ నీళ్లలో జాడిస్తే అలా వచ్చిందో దాని పక్కనే రాయండి. అందంగా వచ్చిన ముక్క కంటే అది ఎక్కువ సంగతులు చెబుతుంది. వార్షికోత్సవం రోజు గుడ్డను వేదిక వెనక పెద్దల ఫోటోల పక్కన కట్టకండి, దూరానికి ఏమీ కనిపించదు. నీళ్ల ట్యాంకు పక్కన, చేతికి అందే ఎత్తులో కట్టండి. తూము సంగతి చెప్పిన తాతను, బావి సంగతి చెప్పిన అవ్వను పిలవండి. వాళ్ల చోటు గుడ్డ మీద ఎక్కడుందో చూపించండి, తప్పుంటే దిద్దమనండి. బొగ్గుముక్క వాళ్ల చేతికే ఇవ్వండి.

గుడ్డ అంచున తేదీ, బోరు లోతు, ఆ రోజు ట్యాంకు ఎన్నిసార్లు నిండిందో, నడిచినవాళ్ల పేర్లు కసింతోనే రాయండి. మిగిలిన కసిం పారబోయకుండా వాసెన కట్టి నీడలో ఉంచితే కొన్నాళ్లు నిలుస్తుంది. వచ్చే ఏటి తొమ్మిదో తరగతి వాళ్లు అదే దారిన మళ్లీ నడిచి, కొత్త గుడ్డ వేసి, పాతదాని పక్కన కట్టుకోవచ్చు.